తిథుల కాగితం అనంతరామయ్య

క్రాంజి స్టేషను దాటాక రైలు ఎందుకో కాసేపు పట్టాల మీదే నిలబడిపోయింది. పెట్టెలో సగం మంది ఒళ్ళో నారింజపళ్ళ సంచులున్నాయి. పదిరోజుల్లో చైనావాళ్ళ కొత్త సంవత్సరం. సుధాకరరావు ఒళ్ళో సంచిలో మాత్రం నల్లనువ్వులు, దర్భల కట్ట ఉన్నాయి. జురాంగ్ వెస్ట్‌లో పురోహితుడి ఇంటికి వెళ్ళి బిషాన్‌కి తిరిగొస్తున్నాడు. మర్నాడు ఆయన భార్య గీతాంజలి తద్దినం. రెండోది.

ఫోను మోగింది. కూతురు వర్షిత. పదమూడేళ్ళది.

"మీ టీచర్ ఫోన్ చేసింది. ఇవాళా నెట్‌బాల్‌కి వెళ్ళలేదటగా," అన్నాడు.

"తలనొప్పి, నాన్నా."

"ప్రాక్టీసు ఉన్న రోజే వస్తుందా తలనొప్పి?"

"అంతే లా," అంది, ఇక్కడి పిల్లల్లాగ మాట చివర 'లా' తగిలించి. తర్వాత గొంతు తగ్గించి, "మూడింటికి ఎవరో ఒకళ్ళు ఇంట్లో ఉండాలి కదా," అంది.

సుధాకరరావు ఫోను పెట్టేశాడు.

సంగతేమిటంటే, కిందటేడు మొదటి తద్దినం పెట్టిన మర్నాడు ఆయన ఇంట్లోనే కూర్చుని ఆఫీసు పని చేసుకుంటున్నాడు. మధ్యాహ్నం మూడైంది. ఇనప గేటు గడియ టకటకటకమని మూడుసార్లు కదిలింది. గీతాంజలికి తాళంచెవి ఉన్నా సంచిలో వెతుక్కోవడం బద్ధకం. ఊచల్లోంచి చెయ్యి దూర్చి గడియని మూడుసార్లు ఆడించేది, లోపలున్నవాళ్ళు వచ్చి తియ్యాలని. ఆయన లేచి వెళ్ళి చూశాడు. ఎవరూ లేరు. వరండా ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఖాళీ. గుమ్మం దగ్గర పచ్చి కరివేపాకు వాసన మాత్రం ఉంది, ఆమె మార్కెట్ నుంచి వచ్చినప్పుడు ఉండేలాగ.

ఆ తర్వాత నెలకి మూడుసార్లో నాలుగుసార్లో. ఎప్పుడూ మూడింటికే. కూతురికి చెప్పలేదు. చెప్పక్కర్లేదని ఒకరోజు తెలిసింది. ఆయన ఆఫీసునుంచి ముందుగా వచ్చేసరికి వర్షిత గడియ తీసిపెట్టి, బడి బట్టలు కూడా మార్చుకోకుండా గేటు పక్కన నేల మీద కూర్చుని ఉంది. అప్పట్నుంచీ ఆ పిల్ల స్నేహితులతో ఎక్కడికీ పోదు. నెట్‌బాల్ లేదు, పుట్టినరోజు పార్టీల్లేవు. మూడింటికి ఇంట్లో ఉండాలి. దాన్ని ఎలా బయటికి లాగాలో ఆయనకి తెలియదు. ఇంకో చిక్కు కూడా ఉంది. తలుపు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆయన అడుగులూ తొందరగానే పడుతున్నాయి.

"తద్దినమా?"

పక్క సీటులో ముసలాయన. బక్కమనిషి, డెబ్భై దాటి ఉంటాయి. చొక్కాకి గొంతు దాకా బొత్తాలు. కళ్ళాపరేషన్ చేయించుకున్నవాళ్ళు పెట్టుకునే నల్లద్దాలు. జేబులో మడిచిన కాగితం, దారం కట్టిన పెన్సిలు.

"వినాలని వినలేదు. దర్భలు చూశాను. ఎవరిది?"

"నా భార్యది, అంకుల్."

"తిథి?"

"మాఘ బహుళ షష్ఠి."

ముసలాయన బొటనవేలు మిగతా వేళ్ళ కణుపుల మీద గబగబా నడిచింది. "కిందటేడూ పెట్టారా? ఇక్కడేనా?"

"ఇక్కడే. బిషాన్‌లో."

అంతే, ఆయన కిటికీ వైపు తిరిగిపోయాడు. రైలు కదిలింది. మార్సిలింగ్ వచ్చింది, వుడ్‌ల్యాండ్స్ వచ్చింది. తిథి అడిగి మొహం తిప్పుకున్న మనిషిని ఏమనాలో సుధాకరరావుకి తోచలేదు. పోనీలే, వయసు, అనుకున్నాడు.

"రోము పట్నం గురించి విన్నారు కదా," అన్నాడు ముసలాయన, అద్దంలో తన నీడతో అంటున్నట్టు. "మొదట్లో వాళ్ళకి ఏడాదికి పదే నెలలు. మార్చితో మొదలు, డిసెంబరుతో సరి. మూడువందల నాలుగు రోజులు. ఆ తర్వాత?"

"ఆ తర్వాత జనవరి."

"జనవరి ఎక్కడిదీ? ఇంకా పుట్టలేదు. ఫిబ్రవరీ లేదు. చలికాలం, పొలంలో పని లేదు, యుద్ధాల్లేవు. పనికిరాని రోజుల్ని లెక్కపెట్టడం దేనికని వదిలేశారట. రెండు నెలలు ఊరు ఊరంతా పేరు లేని రోజుల్లో బతికిందని చెబుతారు. నిజమో అబద్ధమో చూసొచ్చినవాడు లేడు."

"మా ఆఫీసులో కూడా ఆ పద్ధతి పెడితే బావుణ్ణు."

ముసలాయన నవ్వలేదు. "ఆ రోజుల్లో పోయినవాళ్ళ మాటేమిటి? తేదీ లేదు, నెల లేదు. ఏటా ఏ రోజున తలుచుకోవాలి వాళ్ళని? నన్నెప్పుడూ అదే పీకుతుంది."

ఇలాంటి మనుషులు దేశదేశాల్లో రైళ్ళలో దొరుకుతారు. పేరు చెప్పకముందే పురాణం మొదలెడతారు. వాళ్ళ పురాణంలో వాళ్ళ బతుకు ఎక్కడో దాక్కుని ఉంటుంది, ఓపిక పట్టి వింటే బయటికొస్తుంది. సుధాకరరావుకి ఓపిక లేదు గానీ, దిగడానికి ఇంకా ఎనిమిది స్టేషన్లున్నాయి.

ముసలాయనది వైజాగ్. పాతికేళ్ళ పైబడ్డ వయసులో, ఎనభై రెండులో, జురాంగ్‌లో ఓడలు బాగుచేసే యార్డుకి వచ్చాడు. అక్కడ ఆయన పని సముద్రం పోటూ పాటూ చూసి చెప్పడం. ఏ రోజు ఎన్ని గంటలకి నీళ్ళు ఎంత ఎత్తుకి లేస్తాయో పట్టిక వేసి ఇస్తే, దాన్నిబట్టి ఓడని డాకులోకి లాగేవారు. అరగంట తేడా వస్తే అంత ఓడా బురదలో కూర్చుంటుంది. నీళ్ళని లాగేది చంద్రుడు కాబట్టి చంద్రుడి లెక్క నేర్చుకున్నాడు. ఎనభై ఏడులో తోటి పనివాడు గోపీకృష్ణ తండ్రి పోయాడు. ఏడాది తిరిగేసరికి, ఇక్కడ ఆ తిథి ఏ రోజవుతుందో చెప్పేవాడు దొరకలేదు. పోటుపాట్ల పట్టిక వెనక్కి తిప్పి ఈయన లెక్కగట్టి ఇచ్చాడు. ఆ నోటా ఈ నోటా పాకింది. నెలకో కాగితం రాసి, జిరాక్సులు తీసి, లిటిల్ ఇండియాలో ఒక పచారీ కొట్లో పెట్టేవాడు. ఫోన్లు లేని ఇళ్ళకి తానే నడిచివెళ్ళి చెప్పేవాడు.

"రోములోనూ అంతే. ఒక పూజారి అమావాస్య వెళ్ళాక సన్నటి చంద్రరేఖ కోసం చూస్తూ కూర్చునేవాడు. కనపడగానే కొండ మీదికి జనాన్ని పిలిచి, ఇవాళ నెల మొదలు, ఫలానా రోజు ఇన్ని రోజులకి అని కేకేసి చెప్పేవాడు. నాకు కొండ లేదు. బస్సు పాసుంది."

ఈసారి సుధాకరరావు నవ్వాడు. తర్వాత ఆ నవ్వు ఆగిపోయింది. ప్రతి నెలా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులోకి వచ్చే కాగితం గుర్తొచ్చింది. చేతిరాత. కింద 'అ.రా.' అని పొడి అక్షరాలు.

"మీరేనా ఆ తిథుల కాగితం వేసేది?"

"అనంతరామయ్య," అన్నాడు ముసలాయన, ఒప్పుకుంటున్నట్టుగా.

యీషున్‌లో చాలామంది దిగిపోయారు. అనంతరామయ్య గొంతు ఇంకొంచెం తగ్గింది. యార్డుకి వచ్చిన ఒక ఇటలీ ఓడ ఇంజనీరు వెళుతూ వెళుతూ ఒక పాత పుస్తకం ఇచ్చి వెళ్ళాడట, మీ వెర్రికి పనికొస్తుందని. రోము వాళ్ళ కాలగణనం. ముప్ఫై ఏళ్ళుగా అదే చదువుతున్నాడు.

"తర్వాత వచ్చిన రాజొకడు జనవరి, ఫిబ్రవరి చేర్చాడంటారు. ఆ జనానికి సరి సంఖ్యలంటే భయం. అందుకని నెలలన్నిటికీ బేసి రోజులు పెట్టి, ఒక్క ఫిబ్రవరికి మాత్రం ఇరవై ఎనిమిది ఇచ్చారు. పోయినవాళ్ళ నెల కదా, దానికా అపశకునం చెల్లుతుంది. అందులో తొమ్మిది రోజులు పెద్దలకి. గుళ్ళు మూసేసేవారు, పెళ్ళిళ్ళు ఉండేవి కావు. పెద్ద ఖర్చేం లేదు. దారి మధ్యన ఒక పెంకు పెట్టి, దాంట్లో గుప్పెడు గింజలు, చిటికెడు ఉప్పు, సారాయిలో నానేసిన రొట్టెముక్క, నాలుగు పువ్వులు. అంతే వాళ్ళడిగేది."

"మన పిండమే."

"మన పిండమే. ఒక ఏడు యుద్ధాల హడావిడిలో పడి ఆ రోజులు మర్చిపోయారని ఒక కథ ఉంది. అప్పుడు పెద్దలు సమాధుల్లోంచి లేచి వచ్చారట. వీధుల్లో ఏడుస్తూ తిరిగారట. ఎవర్నీ ఏమీ చెయ్యలేదు. తలుపుల ముందు నుంచుని ఏడ్చారు."

సుధాకరరావు చేతిలో సంచి గట్టిగా పట్టుకున్నాడు. "ఎలా తగ్గింది?"

"మానేసిన రోజులు మళ్ళీ మొదలెట్టారు. తగ్గింది. కోపం కాదు అది. ఆకలి."

ఖతీబ్ దాటాక చాలాసేపు స్టేషన్ రాదు. రెండువైపులా చెట్లు, ఆ చెట్ల వెనక ఎక్కడో నీళ్ళు. ఆ పొడుగాటి పచ్చదనంలో అనంతరామయ్య నల్లద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"చంద్రుడి లెక్క సూర్యుడికి చాలదు కదా. మన అధికమాసంలాగే వాళ్ళూ ఒక నెల దూర్చేవారు. ఎక్కడ దూర్చారనుకున్నారు? ఫిబ్రవరిని ఇరవై మూడో తేదీన నరికి. పోయినవాళ్ళ నెల, అడిగేవాడు లేడు. ఎప్పుడు దూర్చాలో పూజారుల చేతిలో ఉండేది. కావలసినవాడి పదవి ఏడాది పొడిగించాలంటే దూర్చేవారు, గిట్టనివాడైతే మానేసేవారు. చివరికి కోతల పండగకీ కోతలకీ పొంతన లేకుండా పోయింది. సీజరు వచ్చి ఒక ఏడాదిని నాలుగొందల నలభై అయిదు రోజులు చేసి సరిపెట్టాల్సి వచ్చింది. సరే, నాలుగేళ్ళకోసారి ఒక రోజు కలపండర్రా, ఇక గొడవ లేదని చెప్పాడు. ఆయన్ని చంపేశారు. ఆ పూజారులు మూడేళ్ళకోసారి కలపడం మొదలెట్టారు. ముప్ఫై ఆరేళ్ళు ఎవరూ కనిపెట్టలేదు. తొమ్మిది కలపాల్సిన చోట పన్నెండు కలిపారు." అద్దాలు తుడుచుకున్నాడు. "తెలిశాక లెక్క దిద్దారు, నిజమే. కానీ ఆ ముప్ఫై ఆరేళ్ళలో తప్పు రోజున దీపం పెట్టిన ఇళ్ళున్నాయి కదా. ఆ ఇళ్ళకి ఎవరు వెళ్ళి చెప్పారూ? పుస్తకంలో లేదు."

"అంకుల్, మీరు నాకేదో చెప్పాలనుకుంటున్నారు."

"కిందటేడు నాకు కళ్ళు బొత్తిగా ఆనలేదు. నలభై ఏళ్ళనుంచీ ఈ ఊరి పొద్దుని బట్టి నా లెక్క నేనే వేసుకున్నాను. ఆ ఒక్క ఏడూ మన దేశం పంచాంగం చూసి రెండున్నర గంటలు కలిపాను. గంటలు కలిపాను గానీ రోజు మార్చలేదు. మీ షష్ఠి అక్కడ మధ్యాహ్నం రెండున్నరకి వచ్చింది. తద్దినం వేళలో వచ్చింది కాబట్టి అక్కడ ఆ రోజే. ఇక్కడ అప్పటికి అయిదు. వేళ దాటిపోయింది. ఇక్కడ మర్నాడు పెట్టాలి."

సుధాకరరావు సంచి మూతి విప్పి దర్భల కట్ట కేసి చూశాడు.

"ఆపరేషనయ్యాక పాత కాగితాలు తిరగేస్తే దొరికింది. పురోహితులు నాచేత లెక్క కట్టించుకున్న నాలుగిళ్ళ తిథులు అలా పడ్డాయి. మూడిళ్ళకి వెళ్ళి చెప్పాను. ఒకాయన కాఫీ ఇచ్చాడు, ఇంకొకాయన మరేం ఫర్వాలేదన్నాడు, ఒకావిడ తలుపు వేసేసింది. నాలుగోది బిషాన్, సుధాకరరావు గారు, భార్య అని రాసి ఉంది. రెండుసార్లు మీ బ్లాకు కిందిదాకా వచ్చాను. లిఫ్టు దగ్గర నుంచుని తిరిగి వెళ్ళిపోయాను. ఇవాళ కూడా అందుకే బయల్దేరాను. ఈ ఏడు కాగితం సరైందేనండి. రేపే."

అంటే కిందటేడు గీతాంజలి సరైన రోజునే వచ్చింది. ముందురోజే గిన్నెలు కడిగేసిన ఇంటికి, ఆకు వెయ్యని ఇంటికి, వేళకి వచ్చి గడియ ఆడించింది. సుధాకరరావుకి కోపం రావాలి. వచ్చే ముందు ఒక్క మాట నోట్లోంచి జారింది.

"వచ్చింది."

"ఎవరూ?"

చెప్పాడు. గడియ గురించి, కరివేపాకు గురించి, గేటు పక్కన నేల మీద కూర్చునే కూతురి గురించి. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పనిది రైల్లో, ముక్కూమొహం తెలియని మనిషికి. అనంతరామయ్య మొహంలో భయం కనిపిస్తుందనుకున్నాడు. కనపడింది అది కాదు.

"మూడుసార్లా? మీకు బాగా వినపడిందా?" అన్నాడు ఆయన, ముందుకి వంగి. "ఏమైనా అందా?"

"లేదు."

ముసలాయన వెనక్కి వాలాడు. "మా సూర్యకుమారి పోయి పదహారేళ్ళు. కిందటేటి దాకా ఒక్క తిథి తప్పలేదు, ఒక్క ఘడియ తప్పలేదు. ఒక్కసారీ రాలేదు. ఎందుకొస్తుంది, కడుపు నిండా పెడుతుంటే. కిందటేడు ఆ దిక్కుమాలిన కాగితంలో ఆమె తిథి కూడా ఉంది. ఆ నాలుగిళ్ళు కాక అయిదోది మాది, ఇందాక చెప్పలేదు. నాది నేనే తప్పు పెట్టుకున్నాను. తెలిశాక ఏం చేశానో చెప్పనా? మళ్ళీ సరిగ్గా పెట్టలేదు. తలుపు తీసి కూర్చున్నాను. రెండు నెలలు, రోజూ మధ్యాహ్నం. ఆవిడ కాళ్ళు కడుక్కునే నీళ్ళ చప్పుడు కూడా లేదు. ఆ తర్వాతే ఇంట్లో ఉండలేక ఇలా రైళ్ళెక్కడం."

రైలు యో చూ కాంగ్‌లో ఆగి కదిలింది.

"రేపు సరిగ్గా పెడితే?" అని అడిగాడు సుధాకరరావు.

"తింటుంది. వెళుతుంది. ఇక గడియ చప్పుడు కాదు."

"పెట్టకపోతే?"

అనంతరామయ్య నల్లద్దాలు మళ్ళీ పెట్టుకున్నాడు. "నన్ను అడక్కండి ఆ మాట. నేను మంచి సలహా చెప్పే స్థితిలో లేను. మీకు పిల్ల ఉంది."

ఆంగ్ మో కియోలో ఫోను గుర్రుమంది. పురోహితుడి మెసేజి. రేపు భోక్తలుగా రావలసిన ఇద్దరిలో ఒకాయనకి జ్వరం, ఇంకొకరిని చూసుకోండి. పోయినవాళ్ళ స్థానంలో కూర్చుని తినే మనిషి ఈ ఊళ్ళో దొరకడం కష్టం. సెలవు పెట్టుకుని, పొద్దుట్నుంచీ పస్తుండి, ఇంకొకళ్ళ చావు తాలూకు అన్నం తినడానికి ఎవరొస్తారు? సుధాకరరావు ఆ మెసేజి కేసి చూశాడు. రావద్దని పురోహితుడికే చెప్పేయడానికి ఇదొక సాకు. వేలు ఆ అక్షరాల మీదే ఆగింది. అవతల ఇంట్లో ఇప్పుడు ఆ పిల్ల గడియ తీసిపెట్టి కూర్చుని ఉంటుంది.

"రేపు మీరు భోక్తగా వస్తారా?" అన్నాడు.

"నేనా? తప్పు వేసినవాణ్ణి."

"అందుకే."

రైలు బిషాన్‌లోకి దిగుతుంటే అనంతరామయ్య తల ఊపాడో, రైలు ఊపిందో తెలియలేదు. బ్లాకు నంబరు మాత్రం అడగలేదు.

మర్నాడు ఆయన పదిన్నరకల్లా వచ్చాడు, తడి ఆరని పంచెతో. వర్షిత బడి మానేసింది. మంత్రం సాగినంతసేపూ ఆ పిల్ల వంటింటి గుమ్మంలో నుంచుని ముసలాయన్నే చూసింది. గీతాంజలి పేరుతో ఆయన కాళ్ళు కడిగారు. గీతాంజలి పేరుతో ఆయన ముందు ఆకు వేశారు. రెండున్నర దాటాక వడ్డన మొదలైంది. అరటికాయ కూర, అల్లప్పచ్చడి, గారెలు, పరమాన్నం.

అనంతరామయ్య తినడం మొదలుపెట్టాడు.

అంత బక్కమనిషి అలా తింటాడని ఎవరూ అనుకోలేదు. అన్నం రెండుసార్లు, మూడుసార్లు వేయించుకున్నాడు. తలెత్తలేదు, మాట్లాడలేదు. రెండో భోక్త ఎప్పుడో చెయ్యి ఆపేశాడు. పురోహితుడు గడియారం వైపు చూశాడు. కర్త అడగాల్సిన ప్రశ్న, తృప్తి అయిందా అని, సుధాకరరావు రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ ముసలాయన ఆకు వైపు వేలు చూపించాడు. ఇంకా.

"నాన్నా, కిందటేడుది కూడా తింటున్నారా?" అంది వర్షిత మెల్లగా. రాత్రి సుధాకరరావు దానికి అంతా చెప్పాడు.

మూడు అయింది. వర్షిత గేటు దగ్గరికి వెళ్ళింది. సుధాకరరావు ఆపలేదు, వెంట వెళ్ళనూ లేదు. పైన ఎవరి ఇంట్లోనో కుర్చీ జరిపారు. కింద కార్లు ఆగే చోట మైనాలు అరిచాయి. గడియ కదల్లేదు. మూడుంబావు అయింది. గడియ కదల్లేదు.

లోపల ముసలాయన గొంతు వినపడింది. "తృప్తి."

సుధాకరరావు వడ్డించే గిన్నె మీద మూత పెట్టాడు. గీతాంజలి ఇక రాదు. తానే పిలిచి, తానే వడ్డించి, పంపించేశాడు. గేటు దగ్గర వర్షిత ఊచల మీద నుదురు ఆనించి నుంచుంది. ఏడుస్తోందో లేదో వెనకనుంచి తెలియలేదు. చాలాసేపటికి ఇటు తిరక్కుండానే అడిగింది. "గురువారం ప్రాక్టీసుకి వెళ్ళనా, నాన్నా?"

"వెళ్ళమ్మా."

అనంతరామయ్య చెయ్యి కడుక్కుని, తువ్వాలు భుజాన వేసుకుని బయటికొచ్చాడు. వర్షిత గేటు తీసి పక్కకి జరిగింది. తద్దినం తిన్నవాడు వెళ్ళొస్తాననడు. మళ్ళీ రండని ఎవరూ అనరు. కానీ ఆయన నోరు ఏదో అనబోయినట్టు ఒకసారి తెరుచుకుంది. గుమ్మం అవతల ఆగి, కరివేపాకు కోసం వెతికే మనిషిలా గాలి పీల్చాడు. ఏమీ దొరకలేదు కాబోలు.

చెప్పులు తొడుక్కుని వరండా వెంట నడిచిపోయాడు, గోడ వైపుకి ఒదిగి, పక్కన ఇంకో మనిషికి చోటు వదిలినట్టుగా. సుధాకరరావు చూస్తుండగానే మెట్ల మలుపు తిరిగాడు.